తిన్నగా వేసిన బంతి

క్లబ్బులో బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆట చెక్కలు తెల్లారితే పీకేస్తారని విని, రైలు గార్డు సంజీవరావు ఆ రాత్రి తాళంచెవి తీసుకుని ఒక్కడే లోపలికి వెళ్లాడు. లాంతరు వెలుగులో అటు చివర, ఎడమ మూలన, సీసాలాంటి కొయ్య పిన్ను ఒకటి నిలబెట్టి వచ్చాడు.

ఒకప్పుడు అది యాసిన్ చేసే పని. పిన్నులు నిలబెట్టేవాడు, బంతిని చెక్క దోనెలోకెత్తి వెనక్కి దొర్లించేవాడు. "ఒక్కటే మిగిలితే తిన్నగా వెయ్యాలండీ గార్డుగారూ, వంపు బంతిని నమ్మకూడదు," అనేవాడు. చెక్క మీద ఒకసారి తడితే తిన్నగా వెయ్యమని. రెండుసార్లు తడితే వంపు తిప్పమని.

డెబ్భై మూడు వేసవిలో యాసిన్ ఒకసారే తట్టి పక్కకు తప్పుకున్నాడు. సంజీవరావు పంతానికి పోయి వంపు తిప్పాడు. పక్కన వంగి కూర్చున్న యాసిన్ కణతకు తగిలింది బంతి. అతను మళ్లీ లేవలేదు.

ఇవాళ తిన్నగా వేశాడు. పిన్ను పడింది.

"నీ మాట విన్నాను యాసిన్," అన్నాడు పైకే.

బయట కాలువ నీళ్ల చప్పుడు. తర్వాత దోనెలో గరగర. బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి అతని మోకాలి దగ్గర ఆగింది. ఎత్తిపెట్టే మనిషి లేనిదే అది రాదు. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. తలెత్తి చూస్తే, పడిన పిన్ను మళ్లీ నిలబడి ఉంది.

"ఒక్కసారే తట్టు, యాసిన్. తిన్నగానే వెయ్యమను. నీకు దణ్ణం పెడతాను."

చీకట్లో చెక్క మీద ఒక తట్టు వినిపించింది. సంజీవరావు కళ్లు మూసుకుని ప్రభువుకు స్తోత్రం మొదలుపెట్టాడు.

స్తోత్రం పూర్తికాకముందే రెండో తట్టు వినిపించింది.