వెదురు నేల

ఆ ఉదయం చర్చిలో పూజ ముగించుకొని నేను తమ్ముడు కార్మెలో వాళ్ళింటికి వెళ్ళేసరికి వెల్లుల్లి అన్నం, ఎండుచేపలు వేగుతున్నాయి. రెండేళ్ళ ఇసాయ్ వెదురుబద్దల నేల మీద ఆడుకుంటోంది.

"ఆరోగ్య కేంద్రంలో పిల్లల చెవులు చూసే పెద్ద నిపుణురాలివి. నా కూతురికి చెవుడంటావేంటక్కా? చూడు."

మా పేటకు పెద్ద కదా మావాడు, చెవి పరీక్ష కూడా తనకే వచ్చు. పిల్ల వెనక గిన్నె బోర్లించి గరిటెతో బాదాడు. ఇసాయ్ చటుక్కున తిరిగింది.

"ఊళ్ళో పిల్లలు చాలక మా ఇంటి మీద పడ్డావు."

పిల్లను వాకిట్లో సిమెంటు మీద నిలబెట్టి, "ఇక్కడ కొట్టరా" అన్నాను. ఎంత బాదినా తల తిప్పలేదు.

"వెదురు అదిరితే దాని పాదాలకు తెలిసిందిరా. ఇప్పుడే చెవికి మిషను పెడితే మాటలొస్తాయి."

బుద్ధిగా తలూపాడు. దేవుడికి దండం పెట్టుకున్నాను.

సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. మిషను మాట ఎవరూ ఎత్తలేదు. చుట్టాలొచ్చినప్పుడు పిల్లను వెదురు మీంచి దించకూడదని తీర్మానించారు.