ఒక్క చెంచా పాలు

బాదంపాల టీని నురగ వచ్చేదాకా కవ్వంతో చిలికి, వారం కిందట కాపురానికొచ్చిన మనవడి భార్యకు గ్లాసు అందించాను. వంటిల్లంతా అల్లం, యాలకుల ఘుమఘుమ.

"మామూలు పాలు తగల్లేదుగా, నానమ్మా?"

"ఎన్నిసార్లడుగుతావే? పాలంటే పారిపోయే పిల్లివి నిన్నే చూశా!"

రుచి కోసం చెంచాడు గేదెపాలు కలిపానని చెప్పలేదు. పడకపోతే కాస్త కడుపు నొప్పి, అంతేగా అనుకున్నాను.

ఆమె పెన్నులాంటి ఇంజెక్షను నా చేతిలో పెట్టింది. "రేపట్నుంచి పగలు మనిద్దరమే కదా. నాకు ఊపిరాడకపోతే దీన్ని తొడలో గట్టిగా గుచ్చేయండి. పోయినేడు చుక్క పాలకే చావు దాకా వెళ్లొచ్చాను."

ఆమె గ్లాసు ఎత్తింది.

"తాగకు!" లాక్కుని సింకులో పారబోశాను. "పాలు కలిపానే తల్లీ. ఒక్క చెంచానే..."

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. గ్లాసు, గిన్నె, కవ్వం మళ్లీ మళ్లీ తోమింది.

"ఈసారి నేను పెడతాను, నానమ్మా. మీరు చూసి నేర్చుకోండి" అంది చివరికి.

అరవై ఏళ్లుగా టీ పెడుతున్నదాన్ని, చేతులు కట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాను.