ఎడమ పక్క ఖాళీ

ఆట మొదలుకాకముందే ఎజ్రా కాలు బెణికింది.

బంతి తెద్దామని పరిగెత్తి, పల్లేరుకాయలు తప్పుకోబోయి గుంతలో పడినాడు. చీలమండ బూరె మాదిరి ఉబ్బింది.

కాటమరాజే ఊరి హాకీ జట్టుకు పెద్ద. ఊళ్ళో పదకొండు మందిని కూడగట్టేసరికే తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ఇంకొకణ్ణి యాడనుంచి తెచ్చేది?

మామూలు ఆటయితే పోనీలే అనుకోవచ్చు. ఇది గిద్దలూరు స్టేషను వెనక బీడు కోసం ఆడే ఆట. ఊరి గొర్రెలు సగిలేటికి నీళ్ళకు పోయే దోవ ఆ బీడు మీదనే. దానికి కంచె వేస్తామని రైలు కంపెనీ దొరలు పట్టుబట్టినారు. కాటమరాజు నాయన, ఇంకొందరు గొల్ల పెద్దలు పోయి కాళ్ళావేళ్ళా పడితే, ఆటల పిచ్చి ఉన్న తెల్లదొర ఒకాయన నవ్వినాడు. హాకీలో మా రైలోళ్ళను ఓడించండి, కంచె మాట ఎత్తను. ఓడితే మాత్రం మనిషి గానీ గొర్రె గానీ ఇటు అడుగు పెట్టకూడదు, అన్నాడు.

ఎండాకాలం. చుట్టు తిరిగి పోవాలంటే దోవలోనే సగం మంద రాలిపోతుంది.

ఉప్పు సత్యాగ్రహం అయిన మూడో ఏడు అది. కుర్రాళ్ళ నెత్తురు ఉడుకుతా ఉంది. తుమ్మకొమ్మలు కాచి వంచి కర్రలు చేసుకున్నారు. ఖద్దరు కట్టినారు. మన పక్క విదేశీది ఒక్క దారప్పోగు కూడా ఉండకూడదని ఉప్పు చేతబట్టి ఒట్టు పెట్టుకున్నారు.

అట్లాంటి వేళ ఒకడొచ్చినాడు.

స్టేషన్లో ఆగిన గూడ్సు బండిలో బొగ్గు వేసే మనిషి. మసి తుడిచిన చోట తెల్లటి ఒళ్ళు, పిల్లికళ్ళు, కాళ్ళకు బూట్లు. దొరకూ మన ఆడమనిషికీ పుట్టినోళ్ళ సంతతి. అవతలి జట్టు నిండా అట్లాంటోళ్ళే.

"మీకు ఒకరు తక్కువైనారంట గదా అన్నా, నేను ఆడతా," అన్నాడు. తెలుగు మాత్రం అచ్చం మన తెలుగే.

కాటమరాజు ఎగాదిగా చూసినాడు. బూట్లతో మా పక్క దిగకూడదు, ఒట్టుంది అన్నాడు.

ఆ మనిషి ఆడికాడనే బూట్లు విప్పినాడు.

చొక్కా మిల్లుగుడ్డ అన్నాడు కాటమరాజు. అదీ విప్పినాడు. ఎజ్రా తన ఖద్దరు పైపంచె తీసి ఇయ్యబోయినాడు.

"చొక్కా మారిస్తే అయిపోయిందా?" అన్నాడు కాటమరాజు. "ఆ కళ్ళు యాడ మార్చుకొస్తావు?"

ఆ మనిషి మొహం చిన్నబోయింది. "నేను పుట్టింది ఈ లైను మీదే అన్నా."

"గొర్రెల దొడ్లో పుడితే తోడేలు గొర్రె అవుతుందా? నీ దేశం యాడుందో ఆడికే పో."

పేరు కూడా అడగలేదు.

ఎజ్రా కుంటుకుంటా ముందుకొచ్చినాడు. ఆయనది మాలపల్లె, మిషను బళ్ళో చదివినోడు. ఆయన్ను జట్టులో కలుపుకునేదానికి ఊరంతా ఎంత రాద్ధాంతం చేసిందో అందరికీ ఎరికే.

"రాజన్నా, నన్ను కలుపుకునేటప్పుడు కూడా ఇట్లనే అన్నారు గదా."

"నువ్వు వేరు. నువ్వు మనోడివి."

ఇన్నాళ్ళూ ఆ మాట కోసం ఎదురుచూసినోడు ఎజ్రా. తీరా వచ్చినాక దానికి సంతోషపడాల్నో ఏడవాల్నో ఆయనకు తెలీలేదు.

పది మందితోనే దిగినారు. ఎజ్రా ఆడాల్సిన ఎడమ పక్క ఖాళీ.

అబ్బ, ఏం ఆడినారు మనోళ్ళు! ఒట్టి కాళ్ళతో ముళ్ళ మీద ఉరికినారు. సగం ఆటకు చెరొక గోలు. గట్టు మీద గొల్లోళ్ళు తుండుగుడ్డలు ఎగరేసినారు. కాటమరాజు నాయన మాత్రం మెదల్లేదు. దించి పెట్టిన కంచె కడ్డీల దిక్కే చూస్తా నిలబడినాడు.

గూడ్సు బండి మనిషి కూడా పోలేదు. గీత పక్కన నిలబడి, కన్నార్పకుండా చూస్తా ఉన్నాడు.

పొద్దు వాలేసరికి ఊరోళ్ళకు దమ్ము అయిపోయింది. ఇంకాసేపు కాచుకుంటే ఓడకుండా సమానంతో బయటపడొచ్చు. రైలు జట్టు కెప్టెను బంతి తీసుకొని, కాటమరాజు కాస్తా ఉన్న గోలు మీదికి వస్తా ఉన్నాడు.

"అన్నా, ఎడమకు పో! కుడికి చూపించి మన ఎడమకు కొడతాడు!" అని గీత అవతలనుంచి ఆ మనిషి గొంతు చించుకున్నాడు.

కాటమరాజు బాగానే విన్నాడు. ఎడమకు ఒక అడుగు వేసినాడు కూడా. అంతలో మనసు తొలిచింది. వాళ్ళోడు వాళ్ళకు చెప్పుకోకుండా మనకు చెప్తాడా? ఇదేదో ఎత్తు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

కుడికి దూకినాడు.

బంతి ఎడమ పక్కనుంచి పోయి గోల్లో పడింది. ఆ వెంటనే ఈల ఊదినారు.

నాయన గట్టు దిగినాడు. గొర్రెలను చుట్టుదోవకు మళ్ళించినాడు. తిట్టినా బాగుండు అనిపించింది కాటమరాజుకు. కడుపు మంట ఎవరి మీద తీర్చుకోవాల్నో తెలీక ఆ పిల్లికళ్ళోడి కోసం చూసినాడు. గూడ్సు బండి అప్పుడే కూత పెట్టి దిగువమెట్ట స్టేషను దిక్కు పోతా ఉంది. వాడి అరుపు వల్లనే ఓడినాం అన్నాడు. జట్టోళ్ళు కర్రలు ఏరుకుంటా పక్కకు పోయినారు.

రైలు జట్టు కెప్టెను చెమట తుడుచుకుంటా వచ్చి చెయ్యి కలిపినాడు.

"ఆ గూడ్సు బండి ఆయన్ను ఎందుకు దింపలేదు మీరు? పది మందితో ఆడినారే!"

"మీ మనిషిని మేమెట్ల దింపుతాం?"

కెప్టెను తల అడ్డంగా ఊపినాడు.

"మా జట్టులో ఆడమని పొద్దున ఎంత బతిమాలినా, మా దేశపోళ్ళ మీద నేను ఆడనన్నాడు," అని చెప్పినాడు. "పోయిన ఏడు సముద్రం దాటి పోయి, మన దేశం జట్టులో ఆడి, తెల్లోళ్ళ దేశాలను ఓడించి వచ్చిన మనిషి ఆయన."