సుక్కలకోట

'భార్య గృహిణి' అన్న రెండు మాటల్నీ ఆయన తుడిచేశాడు. ఇది పదకొండోసారి.

ఆ చోట వేరే వాక్యం రాశాడు. 'ఈ నవలలన్నీ రాసింది భార్య గౌరీశ్వరి.' ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ వెతికి నొక్కుతుంటే తెర మీద తెలుగు పడుతోంది. రెండు వేళ్ళతో ఆ ఒక్క వాక్యానికి పావుగంట పట్టింది.

మర్నాడు పొద్దున రెండు బస్సులు మారి వచ్చి చూసేసరికి వాక్యం లేదు. 'గృహిణి' మళ్ళీ వచ్చి కూర్చుంది. పక్కన ఎప్పటి మాటే: ఆధారం లేదు.

"ఏటి మాస్టారూ, మళ్ళీ తీసీసినారా?" అన్నాడు ఎల్లాజీ. మద్దిలపాలెంలో ఆ నెట్ సెంటర్ అతనిదే.

"తీసేసింది ఆ అమ్మాయి."

"అంత పగేటి మీకు ఆ రైటరు మీద?"

ఆయన మళ్ళీ కీబోర్డు ముందుకి జరిగాడు.

ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల తెలుగు విజ్ఞాన సర్వస్వం ఇంటర్నెట్‌లోకి వచ్చిన కొత్త రోజులవి. అందులో గురునాథరావు మీద వ్యాసం ఉంది. మాయలూ మంత్రాలూ నిండిన పన్నెండు నవలల రచయిత. సొంతూరు కృష్ణా జిల్లా, ఉద్యోగం విశాఖ పోర్టులో. ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి. ఆ వ్యాసాన్ని పెంచి పోషిస్తున్నది హేమశ్రీ. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ ఆ నవలలంటే పిచ్చి.

వ్యాసం వెనక చర్చ పేజీలో ఇద్దరికీ నెల రోజులుగా పడటం లేదు. ఆయన రాతలు కటువుగా ఉండేవి. గురునాథరావు దొంగ అని రాశాడు. పోర్టు రిజిస్టర్లో ఓడల పేర్లు తప్ప సొంతంగా ఒక్క వాక్యం రాయడం చేతకానివాడని రాశాడు. భార్య పోతే పేపర్లో 'ప్రముఖ రచయిత సతీమణి మృతి' అని వేయించాడు, పేరు కూడా వేయించలేదని రాశాడు.

హేమశ్రీ తగ్గలేదు. 1994లో ఒక వారపత్రికలో వచ్చిన ఇంటర్వ్యూ తెచ్చి పెట్టింది. 'మా ఆవిడకి నా పుస్తకాల అట్టలు కూడా తెలియవు' అని గురునాథరావే చెప్పాడు అందులో. రచయిత మాట కాదని, ముక్కూ మొహం తెలియని మీ మాట ఎలా నమ్మాలని అడిగింది.

'సుక్కలకోట గురించి మీరు రాసింది తప్పు,' అని జవాబిచ్చాడు ఆయన. 'నెట్ సెంటర్‌కి రండి. చెబుతాను.'

ఆదివారం ఆమె స్కూటీ మీద వచ్చింది. నమస్కారం కూడా పెట్టలేదు. సుక్కలకోటలో తప్పేముందో చెప్పమంది.

నవలల్లో మాంత్రికుల నగరం పేరు అది. శుక్రాచార్యుడి పేరు మీదుగా రచయిత కల్పించిన పదమని ఒక ప్రొఫెసర్ రాశాడు. హేమశ్రీ దాన్నే ఆధారంగా చూపించింది.

"శుక్రుడూ లేడు, గిక్రుడూ లేడు," అన్నాడు ఆయన. "గౌరీశ్వరిది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. ఐదో తరగతి చదివింది. మాట్లాడినట్టే రాసేది. సేప, సెట్టు, సుక్క. ఆ కృష్ణా జిల్లా వాడు సాపు రాస్తూ సేపని చేప చేశాడు, సెట్టుని చెట్టు చేశాడు. ఇదొక్కటీ ఏదో గొప్ప పేరనుకుని వదిలేశాడు. అది చుక్కలకోట."

ఎల్లాజీ తన కుర్చీలోంచే నవ్వాడు. "సుక్కలంటే సుక్కలే కదేటి. దానికి శుక్రుడెందుకమ్మా?"

ఆ కోటకి పైకప్పు ఉండదు. చీకటి పడితే చుక్కలే దిగొచ్చి కాపలా కాస్తాయి. పన్నెండు నవలల్లోనూ అంతే. హేమశ్రీకి కంఠతా వచ్చు.

"ఆవిడ చేత్తో రాసిన కాగితాలున్నాయా?" ఈసారి గొంతు తగ్గింది.

"కాల్చేశాడు. నవలకి బహుమతి వచ్చిన ఏడాది. నీళ్ళపొయ్యిలో."

"మీరు చూశారా?"

"చూశాను."

"ఆవిడ ఏమీ అనలేదా?"

"నీళ్ళు కాగాయి, స్నానానికి లెమ్మంది వాణ్ణి."

హేమశ్రీ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీరు ఆవిడ తరఫు వాళ్ళా?"

"ఆవిడ తరఫున ఎవరూ లేరు."

ఆమె సంచీలోంచి చిన్న టేప్ రికార్డర్ తీసి చూపించింది. తనకి నమ్మకం కుదిరిందనీ, కానీ నమ్మకం ఆధారం కాదనీ చెప్పింది. అచ్చులో రావాలి. ఆ వారపత్రిక వాళ్ళే గురునాథరావుతో మళ్ళీ ఇంటర్వ్యూ చేసిమ్మని తనని అడిగారు. అతను తన నోటితో ఒప్పుకుంటే అచ్చవుతుంది. అచ్చయితే గౌరీశ్వరి పేరు వ్యాసంలోకి ఎక్కుతుంది, ఇక ఎవరూ తుడవలేరు.

"ఒప్పుకోడు," అన్నాడు ఆయన. "పిరికివాడు. ముప్ఫై ఏళ్ళు మూసుకున్న నోరది."

"అయితే ఆవిడ గృహిణిగానే ఉండిపోతుంది," అంది హేమశ్రీ. "పబ్లిషర్ దగ్గర అతని మల్కాపురం అడ్రసు తీసుకున్నాను. ఇప్పుడే వెళ్తున్నా. ఆ నవలలు మీరు రాశారా, మీ ఆవిడ రాసిందా అని మొహం మీదే అడుగుతాను."

రికార్డర్ సంచీలో వేసుకుని లేచింది. ఎల్లాజీ దారి వదిలాడు.

"కూర్చోమ్మా, ఇక్కడే అడుగు," అన్నాడు గురునాథరావు.