రెండు వరుసల హెచ్చరిక

"దీన్ని రివ్యూ చేసిందెవరు?" అన్నాడు మేనేజరు దామోదర్, గోడమీది తెరకేసి చూస్తూ.

శామ్యూల్ చెయ్యి సగమే లేపాడు. "నేనే సార్."

మహదేవపురలోని ఆ ఆఫీసులో ఎన్నడూ లేనిది ఇవాళ ఎనిమిదింటికే వచ్చి కూర్చున్నాడతను. పక్కనే శ్రుతి. చేరి ఐదు నెలలైంది, శుక్రవారం ఉద్యోగం ఖాయం కావాలి. కంప్యూటర్లలో లినక్స్ ఎక్కించే వాళ్ళ ఇన్‌స్టాలర్ ప్రోగ్రాములో ఆ అమ్మాయి ఓ మార్పు చేసింది. కంప్యూటర్‌ను నిద్రలేపే బూట్ ఇమేజ్ పాతది తుడిచేసి, ఆ తర్వాత కొత్తది రాసే మార్పు. డిస్కులో చోటు చాలకపోతే ఇక పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. నిన్న దొడ్డబళ్ళాపురంలో ఓ శిక్షణ కేంద్రంలో నలభై కంప్యూటర్లు అలాగే మొరాయించాయి.

"రివ్యూ పేజీ తెరువు."

తెరిచాడు. పన్నెండో తారీఖు, శామ్యూల్ పేరు, కింద రెండు వరుసలు. తేదీ పక్కన సన్నటి బూడిదరంగు అక్షరాలేవో ఉన్నా, అవి చదివే ఓపిక దామోదర్‌కు లేదు. కామెంట్ మాత్రం పైకి చదివాడు. "బాగుంది. కానీ పాత ఇమేజ్ తుడిచేముందు డిస్కులో చోటుందో లేదో చూడు."

శ్రుతి మొహం పాలిపోయింది.

"ఇంత చెప్పి మళ్ళీ ఎందుకు అప్రూవ్ చేశావ్?"

"సరిచేస్తుందని నమ్మాను సార్. నాదీ తప్పే."

"నీది నమ్మకం, తనది నిర్లక్ష్యం. కన్ఫర్మేషన్ మర్చిపో శ్రుతీ. ఈ నెలాఖరుకి రిలీవ్ అయిపో."

శామ్యూల్ నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. మనిషి మంచివాడే, నలుగురిలో మాట పడటం ఒక్కటే చేతకాదు.

కాఫీ మెషీన్ దగ్గర శ్రుతి ఎదురైంది. తప్పించుకుపోదామనుకున్నాడు, ఈలోగా ఆ అమ్మాయే పలకరించింది.

"సారీ అన్నా. నా వల్ల మీకూ మాటొచ్చె."

"అలా అనకమ్మా." సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"మీరు ఏ కామెంట్ పెట్టినా నోట్‌బుక్కులో ఎత్తి రాసుకుంటానన్నా. ఇప్పుడు చూస్తే, ఆ పొద్దు 'బాగుంది' అని సగమే రాసుకోనుండాను. మిగతా సగం నా కండ్లకు ఎట్ల కనపడలేదో ఏమో."

కళ్ళు తుడుచుకుని తన సీటుకు వెళ్ళిపోయింది. శామ్యూల్ చేతిలో కాఫీ చల్లారిపోయింది.

మిగతా సగం అతను చేర్చింది ఇవాళ పొద్దున్నే.