లోపలినుంచి ఒక్క దెబ్బ

సముద్రంలో నిలబెట్టే గాలిమర స్తంభాన్ని మూడు ఊళ్లు కలిసి తయారుచేస్తాయి. ఒక ఊరు ఇనుప రేకులను ఇంటి ఎత్తు గొట్టాలుగా చుట్టి అతికిస్తుంది, ఇంకో ఊరు పరీక్షిస్తుంది, మూడోది నీళ్లలో నిలబెడుతుంది. గొట్టంలో మాట గింగురుమని ఒక్క ముక్కా అర్థం కాదు కాబట్టి, అందరూ సుత్తి దెబ్బలతోనే మాట్లాడుకుంటారు. రెండు కొడితే అంతా బాగుందని, ఒకటి కొడితే ఆగమని.

ఆ రాత్రి పరీక్షించే ఊరి షెడ్డులో ఇన్‌స్పెక్టరమ్మ ఒక్కతే ఉంది. పొద్దున్నే ఓడెక్కాల్సిన గొట్టానికి పరీక్షలన్నీ అయిపోయాయి. రెండు దెబ్బలు కొట్టనిదే ఆమె పెన్ను మూత తీయదు. కొట్టింది. లోపలినుంచి ఒక్క దెబ్బ తిరిగొచ్చింది.

"ఎవరది?"

టార్చి పట్టుకుని లోపలికి నడిచింది. ఎవరూ లేరు. దెబ్బ వినిపించిన చోట మాత్రం అతుకు మీద వెంట్రుకంత పగులు ఉంది. నీళ్లలో నిలబెట్టాక ఈ స్తంభం ఎక్కేది ఆమె సొంత తమ్ముడు.

గొట్టం చేసిన ఊరి మేస్త్రికి ఫోను చేసింది.

"బాబాయ్, మీవాళ్లెవరైనా ఇక్కడే ఉండిపోయారా?"

"లేదమ్మా, అందరం సాయంత్రం పడవకే వచ్చేశాం. ఏమైంది?"

"అతుకులో పగులుంది. మీవాళ్లెవరో లోపలినుంచి ఒక్క దెబ్బ కొట్టి చెప్పారు. ఎవరైతేనేం, వాళ్ల మేలు ఈ జన్మలో మర్చిపోను."



ఆమె బయటికొచ్చి, ఓడెక్కించొద్దని ఎర్ర సుద్దతో గుర్తు పెట్టింది. భయం పోలేదు గానీ కళ్లు చెమ్మగిల్లాయి. ఇనుమును చేత్తో నిమిరి, దణ్ణం పెట్టినట్టుగా రెండు దెబ్బలు కొట్టింది.

ఈసారి ఆ గొట్టం పలకలేదు. బాగుందని నిన్న ఆమే సంతకం పెట్టిన పక్క గొట్టంలోంచి ఒక్క దెబ్బ వినిపించింది.