షామీర్‌పేట సాయంత్రం

భాస్కర్‌ను పెళ్లి చేసుకుంటే వెంట ఒక గిటార్ కూడా వస్తుందని లలితకుమారికి ఎవరూ చెప్పలేదు.

ఆ గిటార్ మీద ఇరవై రెండేళ్ల పాటు ఒకటే పాట మోగుతుందని అసలే చెప్పలేదు.

పాట పేరు 'షామీర్‌పేట సాయంత్రం'. మాటల్లేవు, ఉత్త గిటారే. ఎప్పుడో అరవై ఎనిమిదిలో హైదరాబాదు కుర్రాళ్ల బ్యాండు ఒకటి ఇచ్చిన చిన్న రికార్డు. అట్ట మీద బ్యాండు పేరే తప్ప మనుషుల పేర్లు లేవు.

భాస్కర్ దాన్ని పొల్లు పోకుండా దించాడు. రికార్డులో ఒకచోట వాయించినాయన వేలు జారి తీగ కీచుమంటుంది. భాస్కర్ ఆ కీచును కూడా భక్తిగా వాయిస్తాడు.

మేడ్చల్‌లో ప్లాట్లు అమ్మే మనిషి. హద్దురాయి రెండడుగులు అటూ ఇటూ అయితే "సర్దుకోవాలె అన్నా" అంటాడు. పాటలో మాత్రం వెంట్రుకవాసి జరగనివ్వడు.

తొంభై తొమ్మిది వినాయక చవితికి కాలనీవాళ్లు గిటార్ పోటీ పెట్టారు. అందరూ ఆ పాటే వాయించాలని నిబంధన. మేడ్చల్ బస్ డిపో దాకా పోస్టర్లు అంటించారు. నిబంధన ఎవరిదో, జడ్జి ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆరుగురు కాలేజీ పిల్లలు వాయించారు. ఆరుగురూ బుద్ధిగా కీచుమన్నారు.

ఏడో పేరు లింగం, గుండ్లపోచంపల్లి.

యాభై అయిదేళ్లుంటాయి. చొక్కా ఇస్త్రీ చేసుకుని, గిటార్‌కు దుప్పటి చుట్టుకుని వచ్చాడు. పోటీకి వయసు నిబంధన పెట్టడం అందరూ మరిచిపోయారు.

మొదటి నాలుగు స్వరాలూ పాటే. తర్వాత అది ఎటో వెళ్లిపోయింది. పరుగెత్తాల్సిన చోట నిలబడింది. నిలబడాల్సిన చోట, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

పులిహోర పంచుతున్న లలితకుమారి గరిటె గాలిలోనే ఆగింది. ఆ పాటలో తర్వాత ఏమొస్తుందో ఆమెకు తెలియకపోవడం అదే మొదటిసారి.

ణంగ్!

భాస్కర్ బల్ల మీది గంట కొట్టాడు.

"ఏంది పెద్దమనిషీ, గిది గా పాటేనా?"

"గదే సార్. జరంత మార్చిన."

"జరంతనా? గుర్తుపట్టకుంట జేసినవ్. కట్టినాయన వింటే ఏమనుకుంటడు?"

"ఏమనుకోడు సార్. ఒక్కతీరుగ విని విని ఆయనకు గూడ ఇసుగొచ్చి ఉంటది."

జనం నవ్వారు. భాస్కర్ నవ్వలేదు.

"ఇంకో రెండు నిమిషాలియ్యి సార్. ఆఖరి ముక్క మొన్ననే కుదిరింది. నలుగురి ముంగట వాయిస్తేనే గది పూర్తయినట్టు."

"రూల్ రూలే. దిగు."

లలితకుమారి భర్త చెవి దగ్గర వంగింది.

"రెండు నిమిషాలే గదా, వాయించనియ్యుండ్రి."

"నీకేం దెలుసు? పో, పులిహోర సూస్కో."

బీయే చదివిన లలితకుమారి వెళ్లి పులిహోర చూసుకుంది.

లింగం దిగాడు గానీ వెళ్లలేదు. అసలు పాట ఎలా ఉండాలో భాస్కర్ వాయించి చూపిస్తుంటే ముందు వరుసలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

అయిపోయాక మెల్లగా అడిగాడు.

"మల్లొక్కసారి వాయిస్తరా సార్?"

"గిట్ల నేర్చుకోవాలె!" అని భాస్కర్ మురిసిపోయి మళ్లీ వాయించాడు.

"అచ్చం గట్లనే ఉంది సార్," అన్నాడు లింగం. గిటార్‌కు దుప్పటి చుట్టుకుని బస్సు కోసం నడిచాడు.

ఇంటికి వెళ్తుంటే జీపులో లలితకుమారి అన్నది.

"నాకైతే మంచిగనిపించింది."

"మంచిగుండుడు వేరే, కరెక్టుగ ఉండుడు వేరే."



నాలుగు నెలలకు ఒకామె గేటు తీసుకుని లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి.

"లింగం బిడ్డను సార్. ఆమని నా పేరు. బాపు కాలం జేసిండు. ఆదివారం దినాలు. మీరొచ్చి గా పాట వాయించాలె సార్. రికార్డుల ఎట్లుంటదో గట్లనే."

భాస్కర్ భార్య వైపు తిరిగాడు. బాధపడాల్సిన మొహంలో గెలుపు దాగలేదు.

"సూసినవా? ఆఖరికి ఆయన గూడ ఒప్పుకున్నడు."

"ఒప్పుకునుడు గాదు సార్," అంది ఆమని తికమకగా. "మా అమ్మ అడుగుతాంది. ఇంట్ల రికార్డు ఎన్నడో పగిలింది."

లలితకుమారి ఆమెకు మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది.

"మరి మీ బాపు మార్చిన పాట? గా ఆఖరి ముక్క నీకొస్తదా బిడ్డా?"

"రాదమ్మా. ఎవ్వలకు వినిపియ్యలే. మొదలు మీ కాడ్నే వాయిస్తనని సంబురంగ బయలెల్లిండు. ఇంటికొచ్చినంక మల్ల గా దుప్పటి ఇప్పనే లేదు."

లలితకుమారికి పులిహోర గుర్తొచ్చింది. ఆ రోజు ఇంకొక్క మాట గట్టిగా అని ఉండాల్సింది.

"రికార్డుల ఉన్నట్టే ఎందుకు మరి?" అన్నాడు భాస్కర్.

"పెండ్లికి ముందు బాపు చెయ్యి గట్లుండె సార్. అమ్మకు గా చెయ్యే వినాలని ఉన్నది. 'నేను పోయినంక నా పడుసుతనపు చెయ్యి వినాలంటె మేడ్చల్ సార్ తానకే పోవాలె, ఒక్క పొల్లు గూడ ఇడువడు' అని బాపే చెప్పిపోయిండు."

భాస్కర్ భార్య వైపు తిరిగాడు.

"తప్పు నాదే లలితా. పాట కట్టినాయన తన పాటను పూర్తి చేసుకుందామని నా ముంగటికొస్తే, గంట కొట్టి దింపిన."